షుగరు కోడలు కన్న బిడ్డ

బరిసాల్,
శుక్రవారం.

అమ్మకు నీ తహమీనా సలాములు. అల్లా దయవల్ల ఇక్కడ నలుగురం క్షేమం. అవునమ్మా, నలుగురం. మంగళవారం ఆడపిల్ల పుట్టింది.

కాలి కట్టు విప్పేదాకా నువ్వు లాంచీ ఎక్కొద్దు. పిల్లను తీసుకుని నేనే భోలాకు నీ దగ్గరికి వస్తాను. నాకు ఇన్సులిన్ సూది ఎవరు వేస్తున్నారని అడిగావు. నేనే. కాన్పయ్యాక మందు బాగా తగ్గించారు.

పుట్టగానే పిల్ల వణికింది. నా నెత్తుటిలోని చక్కెరకు తగ్గట్టు కడుపులోనే అది ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసుకుందట. బొడ్డు కోశాక నా చక్కెర అందలేదు, దాని ఇన్సులిన్ మాత్రం ఆగలేదు. డాక్టరమ్మ నిలుఫర్ ముర్రుపాలు పట్టించి, గ్లూకోజు ఎక్కించింది. సాయంత్రానికి పిల్ల వార్డు అదిరేలా ఏడ్చింది. అంత తీయని ఏడుపు నేనెన్నడూ వినలేదు.

ఇక నీకు దాచిన సంగతి. ఎనిమిదో నెలలో నాకొచ్చింది జ్వరం కాదు. ఆగకుండా వాంతులు. నీ అల్లుడు తౌహిద్ పనిమీద ఖుల్నా వెళ్లాడు. నేను సూది తీస్తే అత్తగారు చెయ్యి పట్టుకున్నారు.

"కడుపులో మెతుకు లేదు, ఇప్పుడు సూదేమిటి? బిడ్డను చంపుతావా?"

"తిండి మానినా ఇది మానకూడదు అత్తమ్మా. మానితే ఒళ్లు విషమవుతుంది."

"నీకే అన్నీ తెలుసు మరి," అంటూ మందు సీసా బీరువాలో పెట్టి తాళం వేశారు.

తెల్లారేసరికి ఆయాసం. నోటినుంచి మగ్గిన పండు వాసన. తొమ్మిదేళ్లప్పుడు నన్ను పడవలో ఆస్పత్రికి తెచ్చిన రోజు అదే వాసన వచ్చిందని చెప్పేదానివి కదా. గోడ పట్టుకుని వీధిలోకి నడిచి, రిక్షా ఆపాను. "నలుగురూ నవ్వుతారే" అంటూ వెంటపడ్డ అత్తగారు నా ముఖం చూడగానే రిక్షా ఎక్కారు. పక్కన కూర్చుని నన్ను పొదివి పట్టుకున్నారు. ఆస్పత్రిలో సెలైనూ ఇన్సులినూ ఎక్కుతుండగా నిలుఫర్ మాకు బిడ్డ గుండెచప్పుడు వినిపించింది. అది విని అత్తగారు నేలమీద కూలబడి ఏడ్చారు. ఆ తర్వాత రోజూ నాకు సూది అందించింది ఆవిడే.

నిన్న పక్క వార్డులో ఒకావిడ గుండెలు బాదుకుంటోంది. ఏడేళ్ల కూతురికి షుగరని తేలిందట. "దీన్నెవడు చేసుకుంటాడు, దీనికి కడుపెలా పండుతుంది" అని ఒకటే శోకాలు. అత్తగారు మన పిల్లను ఎత్తుకుని వెళ్లి, ఆవిడ ఒళ్లో పడుకోబెట్టారు.

"బరువు చూడు. మా షుగరు కోడలు కన్నది. ఏడుపు ఆపి, సూది వేయడం నేర్చుకో పో," అన్నారు.

ఇట్లు,
నీ చేతి సూదితో బతికి, తల్లినైన నీ కూతురు
తహమీనా