రంగు రుచి చూడొద్దని

గద్వాలలో పట్టు దారానికి రంగులద్ది బతికిన రాజమౌళి అనే నేను, నా కొడుకు సాయన్నకు, కోడలు రేణుకమ్మకు, ఈ కాగితాన్ని అమలు జరపవలసిన పక్కింటి కురుమూర్తికి స్వహస్తంతో రాసి ఇస్తున్న వీలునామా. నాలుక పుండై మాట పడిపోయింది గాని బుద్ధి చెడలేదు. ఎవరూ నన్ను బెదిరించి రాయించలేదు. బెదిరించే గొంతు నాకే ఉంటే ఈ రాత అవసరమే ఉండేది కాదు.

1. ఇల్లు, వెనక రంగుల కొట్టం, రెండు రాగి కాగులు నా తదనంతరం సాయన్నకు చెందుతాయి. కింద ఒక షరతు ఉంది. అది చదవకుండా ఏదీ ముట్టొద్దు.

2. నా భార్య హన్మమ్మ బతికున్నంత కాలం ముందు గది ఆమెదే. నాకు అంబలి వడగట్టి చెంచాతో పోస్తూ, ఈ నోటి వాసనకు ఒక్కనాడూ ముఖం తిప్పుకోలేదు. నా ఎర్ర శాలువా ఆమెకే. పెట్టెలో దాచొద్దు, కప్పుకోవాలి.

3. సావుకారు వెంకట్రాములుకు ఏమీ లేదు, నా దండం కూడా లేదు. నీలిమందు రోజుల్లో మా నాయన కాగులోని నీళ్లు నాలుకకు తగిలించి రంగు కుదిరిందో లేదో చెప్పేవాడు. ముసలివాడై పోయాడు, నోటికేమీ కాలేదు. డబ్బాల రంగులు, చర్మం కాల్చే తేజాబు వచ్చాక కూడా మేం అదే పరీక్ష పట్టుకున్నాం. నాలుక పెట్టి చూడనిదే సావుకారు మాకు పట్టు ఇచ్చేవాడు కాదు. అతని కొడుక్కి చిగురు వాస్తే రైలెక్కించి హైదరాబాదు తీసుకుపోయాడు. నేను దవాఖానకు పోతే కాంపౌండరు గడప అవతలే నిలబెట్టి, నోరు చూడకుండానే పుక్కిలించమని ఊదా నీళ్ల సీసా చేతిలో పెట్టాడు. కులంవాళ్లు బంతిలో నా పక్కన కూర్చోవడం మానేశారు. జమ్ములమ్మ తల్లికి మొక్కు తప్పానన్నారు. తప్పలేదు.

4. షరతు ఇదీ. ఇప్పుడు కాగు దగ్గర రేణుకమ్మ నిలబడుతోంది, నాలుక పెడుతోంది. వద్దని చేతులెత్తి మొక్కాను. "మింగుతలేను గద మామా, జర తగిలిచ్చి ఉమ్మేస్తున్న" అంటుంది. నేనూ ఎన్నడూ మింగలేదు బిడ్డా. మొన్న సద్దిలో పచ్చికారం తగలగానే చెంప పట్టుకుని లేచిపోయావు. నాకూ అట్లాగే మొదలైంది. సాయన్నా, నువ్వు చూసి తల దించుకున్నావు. రంగు చెడితే చెడనీ, ఇక ఎవరూ కాగులో నాలుక పెట్టొద్దు. కురుమూర్తి ఆ కాగులు అమ్మి, ఆ పైకంతో రేణుకమ్మను హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. వీలునామా మనిషి పోయాకే చెల్లుతుందంటారు. ఈ ఒక్క మాట ఇవాళే చెల్లాలి, మీ కాళ్లు మొక్కుతాను.

5. అప్పటికీ వినకపోతే, నా శవం నోట్లో తులసి నీళ్లు పోసే వేళ నోటికి కట్టుకున్న గుడ్డ విప్పి, దీపం దగ్గర పెట్టి, లోపల రేణుకమ్మకు చూపించండి. ఇన్నాళ్లు కోడలి ముందు సిగ్గుపడ్డాను. ఇప్పుడు చూపిద్దామంటే దవడ బిగుసుకుపోయి వేలు కూడా దూరడం లేదు. పోయాక నాకు నొప్పి ఉండదు గదా, బలవంతంగా తెరవండి. ఆమె ఏడ్చినా, చూసేదాకా వదలొద్దు.

గద్వాల, ఈశ్వర నామ సంవత్సరం, కార్తీక బహుళ తదియ, ఆదివారం.

రాజమౌళి, చేవ్రాలు

సాక్షులు: కురుమూర్తి, మగ్గం వెంకటన్న.

మా ముందరనే చేవ్రాలు చేసిండు. రేణుకమ్మకు మొత్తం చదివి వినిపించినం. కండ్లు తుడుచుకున్నది, లేచి మళ్ల కొట్టంలకు, కాగు దగ్గరికే పోయింది.