సీలు విప్పని సీసా

వదినా,

ఇంట్లో అన్నయ్య ముందు, ల్యాబ్‌లో నలుగురి ముందు అడగలేక ఇది రాస్తున్నాను. ఆడపడుచు అర్ధమొగుడంటారు కదా, ఆ పెత్తనం అనుకోకండి.

మెదడు కణంలోకి కాల్షియం కొద్దికొద్దిగా చేరుతూ ఉంటే పక్క కణంతో దాని బంధం సడలుతుందని, ఒక్కసారిగా పొంగితే బిగుస్తుందని నాకు నేర్పింది మీరే. ఆ కాల్షియాన్ని పట్టేసే మందు వేస్తే బంధం బిగియకూడదు. మీరు మందు వేశానన్నారు, అయినా బిగిసిందన్నారు. కొత్త సంగతి కనిపెట్టారని ల్యాబంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

నిన్న ఫ్రీజర్ శుభ్రం చేస్తుంటే ఆ మందు సీసా కనబడింది. మనం తెప్పించింది అదొక్కటే. దాని సీలు ఎవరూ విప్పలేదు.

నేను ఊరికే, "వదినా, ఆ మందు ఎక్కడ పెట్టారు?" అని అడిగాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నేను వెయ్యలేదనా నీ ఉద్దేశం?" అన్నారు. ఆ మాట నేను అన్లేదే! సాయంత్రం మళ్లీ నవ్వుతూ వచ్చి, "ఫ్రీజర్లో సీసా పాతబడిపోయిందిలే, పారెయ్" అన్నారు. అది దొరికిందని మీకు నేను చెప్పనే లేదు.

అప్పట్నుంచి నాలో అనుమానం బొట్టుబొట్టుగా చేరుతోంది. మన బంధం సడలకముందే, ఒక్కసారి నామీద గట్టిగా అరిచైనా సరే, నిజం చెప్పెయ్యండి.

ఇది చదివి నా సంచీ వెతక్కండి. సీసా అందులో లేదు.

మీ ఆడపడుచు