టార్గెట్ మానేసిన నాన్న

మార్చి 1, శనివారం, ఉదయం
ఇవాళ్టి నుంచి ఆ మాట నా నోట రాదు. రాయడం కూడా ఇదే ఆఖరు: టార్గెట్. అయిపోయింది. ఇక సెలవు.

కారణం మా పిచ్చుక. తొమ్మిదేళ్ళ నా కూతురు. అసలు పేరు స్కూల్లోనే వాడతారు. పదహారో తారీఖు ఆదివారం సముద్రానికి వెళ్దామని వాళ్ళమ్మ అంటే "నాన్న వద్దు" అంది. పోయినసారి దానికి యాభై గవ్వలని ఆ మాట ఒకటి పెట్టాను. ముప్పై ఏరి, ఏడుస్తూ కూర్చుంది. "ఇంకా ఇరవై" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మా ఆవిడ తీర్పు: "అప్పటిదాకా ఆ మాట అనకపోతే మీరూ రావచ్చు. ఒక్కసారి అన్నా ఇంటికి కాపలా."

ఇదీ ఒక పనేనా? చిటికెలో పని.

మార్చి 3, సోమవారం
మా వాషింగ్ మెషీన్ల షాపులో రోజూ ఒక తంతు. షట్టర్ ఎత్తగానే అందరం గుండ్రంగా నిలబడి, ఇవాళ ఎన్ని అమ్ముతామో ఆ మాటతో సహా అరిచి చెప్పాలి. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి. మేనేజర్‌ని మేం మైకు అంటాం. ఆయన గుసగుసలాడినా ఎదురు దుకాణానికి వినిపిస్తుంది.

నా వంతు. "ఇవాళ నా గమ్యం ఆరు మెషీన్లు."

"ఎక్కడికెళ్తున్నావ్?" అన్నాడు మైకు.

"లక్ష్యం" అని సర్దాను. ఉపన్యాసం అనుకుని రెండోసారి కూడా చప్పట్లు కొట్టారు. మీసం మెలేశాను. లేదు గానీ, ఉంటే మెలేసేవాణ్ణి.

మార్చి 5, సాయంత్రం
పాల గ్లాసు ముందు కూర్చున్న పిల్లతో "నీ టార్..." దాకా వచ్చేసింది. నాలిక మడతేసి "టార్చిలైటు ఎక్కడుందమ్మా?" అన్నాను. బయట ఇంకా ఎండ. పిచ్చుక వెళ్ళి తెచ్చిచ్చింది. హోంవర్క్ దగ్గర మళ్ళీ టార్చిలైటు. పళ్ళు తోముకునే దగ్గర మళ్ళీ.

సగం మాట మాట కాదు. నియమం బతికే ఉంది.

మార్చి 6
మామగారికి ఫోన్. రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. శత్రువు పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి కదా.

"అదొక చిన్న డాలు, అల్లుడూ," అన్నారాయన. "పూర్వం యుద్ధానికెళ్ళేవాడు చేతికి తగిలించుకునేది. టార్జ్ అంటే డాలు. దాని పిల్ల ఇది. తర్వాత్తర్వాత ఆ ఆకారంలో ఒకటి నిలబెట్టి, గురి చూసి కొట్టడం మొదలెట్టారు. అటు తిరిగి ఇటు తిరిగి నీలాంటివాళ్ళ నెత్తి మీదకొచ్చింది."

"మరి గోల్, మామయ్యా?"

"హద్దు అని కొందరంటారు. ఖాయంగా ఎవరికీ తెలీదు."

"ఎయిమ్?"

"అంచనా వెయ్యడం. అంటే ఉజ్జాయింపు."

అంటే మైకు రోజూ మా చేత అరిపించేది డాలు పేరు! మనిషిని కాపాడే వస్తువు. పాపం, దాన్ని ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నాను. కళ్ళు చెమర్చాయి.

నిర్ణయం: డాలు తయారు చెయ్యాలి. మాట వద్దన్నారు గానీ వస్తువు వద్దనలేదు.

మార్చి 8
గోడౌన్‌లో ఒక పాడైన మెషీన్ ఉంది. ముందు నుంచి తెరిచే రకం. దాని గుండ్రటి తలుపు ఊడదీశాను. మధ్యలో గిన్నెలాంటి గాజు. వెనక పాత బెల్టు బిగించి, చేతికి తగిలించుకుని వెళ్ళాను.

"ఎన్ని?" అన్నాడు మైకు. డాలు అడ్డం పెట్టాను. ఎందుకో వివరించాను. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.

"అద్భుతం," అన్నాడు మైకు. "సోమవారం నుంచి అందరికీ డాలు."

మార్చి 10
క్యాషియరమ్మ కుక్కర్ మూత తెచ్చింది. రిపేరు అతను టేబుల్ ఫ్యాన్ జాలీ. డ్రైవరన్న స్టీరింగ్ చక్రం. మధ్యలో అంతా ఖాళీయే కదన్నా అంటే, "నన్ను మధ్యలో ఎవరు కొడతార్లే" అన్నాడు. ఒకాయన మెషీన్ కొనడానికొచ్చి, గుమ్మంలోంచి మమ్మల్ని చూసి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మైకు కొత్త రూలు: చెప్పినన్ని అమ్మలేనివాళ్ళ డాలు గోడకి తగిలించాలి. సాయంత్రానికి అన్నీ గోడ మీదే. నాదే ముందు. చేతికి తలుపు పెట్టుకుని ఇంకో తలుపు తెరిచి చూపించడం కష్టం.

రాత్రి నిద్దట్లో ఆ మాట అన్నానట. నిద్దట్లోది లెక్కలోకి రాదని వాదించాను. మా ఆవిడ పోనీలెమ్మంది. పిచ్చుక ఇప్పుడు నా కంచం పక్కన టార్చిలైటు ముందే పెట్టేస్తోంది.

మార్చి 13
మధ్యాహ్నం భోజనాల వేళ. రిపేరు అతను కాగితం ఉండ చుట్టి గోడకున్న నా డాలు మీదకి విసిరాడు. తర్వాత డ్రైవరన్న. తర్వాత క్యాషియరమ్మ. మైకు వచ్చాడు. తిడతాడనుకుంటే, రేట్ల బోర్డు మార్కర్ తీసి గాజు మీద మూడు వలయాలు గీశాడు. కొన్ని వందల ఏళ్ళ చరిత్ర చేతులు కడుక్కునేలోపు పూర్తయిపోయింది. ఆపాల్సింది నేను. మామగారు చెప్పింది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నాకూ ఒక ఉండ ఇచ్చారు.

నడిమధ్యన తగిలింది. రెండు చేతులూ ఎత్తి, మైకు కూడా ఉలిక్కిపడేలా అరిచాను: "టార్గెట్!"

వెనక్కి తిరిగితే గుమ్మంలో మా ఆవిడ, పిచ్చుక. ఇవాళ స్కూలు సగం రోజే. నేను ఇంట్లో మర్చిపోయిన టిఫిన్ డబ్బా పిల్ల చేతిలో ఉంది. దాన్ని కౌంటర్ మీద పెట్టి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

మార్చి 14
నిద్దట్లోనే అన్నానని రాశాను. కొట్టేశాను. మైకుదే తప్పని రాశాను. అదీ కొట్టేశాను.

కంచం పక్కన టార్చిలైటు లేదు. అది లేకపోతే ఇంత బాధేస్తుందనుకోలేదు.

మార్చి 15
డాలు ఇంటికి తెచ్చేశాను. పిచ్చుక పక్కన కూర్చుని, "నేను రాన్లే. మీరిద్దరూ వెళ్ళిరండి. మాట తప్పింది నేనే" అన్నాను.

అది గాజు మీద వేలు పెట్టింది. "ఈ గీతలేంటి?"

చెప్పాను. డాలు, యుద్ధం, బాణాలు, డ్రైవరన్న స్టీరింగు, కాగితం ఉండలు. మధ్యలో ఒక్క అంకె చెప్పలేదు. దానికి ఇంతసేపు ఊరికే కబుర్లు చెప్పడం నాకిదే మొదలు. స్టీరింగు దగ్గర నవ్వింది.

"నిజంగా మధ్యలో తగిలిందా?"

"నడిమధ్యలో."

"అయితే అది నాకిచ్చెయ్."

మార్చి 16, ఆదివారం
పొద్దున్నే గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చేతికి డాలు. "నువ్వూ రా నాన్నా. కానీ ఆ మాట వస్తే ఇది నీ మూతికి అడ్డం పెడతా."

బస్సులో రెండుసార్లు పెట్టింది. రెండోది ఆవలింత.

ఒడ్డుకి వెళ్ళాక డాలు తిరగేసి, గాజు గిన్నెలో గవ్వలు ఏరుకుంది. తడికి మైకు గీసిన వలయాలు చెరిగిపోయాయి. ఎన్ని అని అడగలేదు. నాలిక కొరుక్కున్నాను. నిజంగానే, ఇంకా మండుతోంది. చివర్లో అన్నీ నీళ్ళలో పోసేసి, వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఏడుపొచ్చినంత పనైంది. (పదిహేడు. కళ్ళు లెక్కపెట్టేస్తే నేనేం చెయ్యను?)

సాయంత్రం, ఇల్లు
రేపట్నుంచి మళ్ళీ మొదలు. ఆ మాట అనను. పొద్దున సున్నా, సాయంత్రం సున్నా, నెలంతా కలిపినా సున్నా. అదే ఈ నెల నా టార్

పిచ్చుక నా భుజం మీంచి చదువుతోంది. టార్చిలైటు తేవడానికి వెళ్ళింది.