వెన్నలో నీళ్లు

మానవపాడు,
డిసెంబరు 8.

మా ఇంటి దేవమ్మకు,

నీ మొగుడు సవారన్న ఎవరితోనూ రాయించకుండా తన చేత్తో తానే రాస్తున్న ఉత్తరం. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు నీదే, నేర్పింది నువ్వే. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోను చేస్తే మన మాలతి స్పీకరు పెడుతుంది. మొగుడూ పెళ్లాల మాట అల్లుడు, అల్లుడి తల్లి, పక్కింటివాళ్లు అందరూ వింటారు. నాకు అది నచ్చదు.

బిడ్డ పురుడు కోసమని దసరాకు అచ్చంపేట పోయావు. మనవరాలు పుట్టింది, సంతోషం. తొట్టెల పండుగ కూడా అయింది. ఇంకా అక్కడ నీకేం పని? మొన్న ఫోన్లో "పండుగకు ఎన్నడొస్తవ్?" అని అడిగితే, "నేనొచ్చి చేసేదేముంది? నీకు బర్రెలున్నయ్ కద, పండుగ అవే చేస్తయ్" అని పెట్టేశావు. పక్కన అల్లుడి నవ్వు కూడా వినబడింది. డెబ్బై రెండేళ్ల మనిషితో ఆడే మాటలా అవి?

క్రిస్మస్‌కు వెన్న బిస్కెట్లు లేకుండా మన ఇంట్లో పండుగ ఎప్పుడన్నా జరిగిందా? మీ అమ్మ వనపర్తిలో దొరసాని ఇంట్లో వంట చేసేటప్పుడు నేర్చుకుంది, నీకు నేర్పింది. నలభై ఏడేళ్ల నుంచి నేనూ చూస్తూనే ఉన్నాను. వెన్న, మైదా, చక్కెర పొడి, జర యాలకులు, దంచిన పల్లీలు. నీళ్లు పొయ్యరు, గుడ్డు కొట్టరు. ఉసిరికాయంత ఉండలు చేసి, రేకు మీద పెట్టుకొని అహ్మద్ రొట్టెల భట్టీకి తీసుకపోవడం, కాలినంక చక్కెర పొడిలో దొర్లించడం. దీంట్లో పెద్ద విద్య ఏముంది? చర్చిలో జనం వేళ్లు నాకేది వెన్నకు. ఆ వెన్న నా బర్రెలది. సవారన్న పాలలో చుక్క నీళ్లుండవని ఊరంతా చెబుతుంది.

పదిహేను తారీఖు లోపల రా. రాకపోతే నేనే చేస్తాను. చేసి చర్చిలో నా చేత్తో పంచుతాను. నువ్వు లేకపోతే పండుగ ఆగుతుందనుకోకు.

మనవరాలికి ముద్దులు. నీకు ఏమీ లేవు.

ఇట్లు,
కోపంగా ఉన్న నీ సవారన్న


మానవపాడు,
డిసెంబరు 19.

దేవమ్మా,

నువ్వు జవాబు రాయలేదు. అయినా జరిగింది నీకు చెప్పకపోతే నాకు అన్నం సహించడం లేదు.

పదిరోజుల వెన్న కూడబెట్టాను. నువ్వు పెట్టినట్టే కుండలో నీళ్లు పోసి, అందులో ముద్దలు వేసి పెట్టాను. నిన్న పొద్దున ఆ ముద్దలు తీసి మైదాలో కలిపి, ఉండలు చేసి, రేకు నెత్తిన పెట్టుకొని భట్టీకి పోయాను. పండుగ ముందు వారం అహ్మద్ తన రొట్టెలు పొద్దున్నే తీసేసి, దిగిన సెగ మన ఇళ్లకు వదులుతాడు కదా. అప్పటికే ఆడవాళ్లు ఎవరి రేకులు వాళ్లు పట్టుకొని వరసగా కూర్చున్నారు. నన్ను చూసి భాగ్యమ్మ నోరు ఊరుకుంటుందా? "ఏం మామా, అత్త నిన్ను కోడల్ని చేసి పంపిందా?" అంది. "నోరు మూస్కొని నీ రేకు సూస్కో" అన్నాను.

నా రేకు బయటికి వచ్చింది. ఏం చెప్పమంటావు? ఒక్క బిస్కెట్టు లేదు. అన్నీ కరిగి ఒకటే రొట్టె అయ్యాయి. అంచులు మాడాయి, నడుమ పచ్చిగానే ఉంది. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. నేను అహ్మద్ మీద పడ్డాను.

"నీ భట్టీ సల్లగైందిరా. సెగ లేదు."

అహ్మద్ ఒక ముక్క విరిచి వేళ్ల మధ్య నలిపి చూశాడు. "సెగ మంచిగనే ఉంది కాకా. వెన్నల నీళ్లున్నయ్."

నా ఒళ్లు మండిపోయింది. "ఏందిరా? నా బర్రెల వెన్నల నీళ్లా? నలభై ఏండ్ల సంది పాలు పోస్తున్న, ఒక్కనితోని మాట పడలే!"

"పాల సంగతి కాదు కాకా. వెన్న కుండల నీళ్లు పోసి పెట్టినవ్ కద? కలిపే ముందు పిండినవా?"

"పిండుడేంది?"

అహ్మద్ చిన్నగా చెప్పాడు. "చిన్నమ్మ అయితే నీళ్లు మార్చి మార్చి కడుగుతది. తర్వాత బండ మీద ఏసి, అరచేతులతోని ఒత్తి ఒత్తి, చుక్క లేకుండ పిండుతది. ఒక పూట పని అది. నీళ్లున్న వెన్న నెయ్యి కాసుకునేటందుకు నడుస్తది గని, బిస్కెట్లకు నడవదు. నీకు తెల్వదా?"

తెలియదు. నలభై ఏడేళ్లు చూశానని నీకు రాశాను కదా. ఆ పూట నేను ఎప్పుడూ బర్రెల కొట్టం దగ్గరే ఉన్నాను.

లోపలి నుంచి అహ్మద్ భార్య మెహజబీన్ అంది, "ఇంకోటి గూడ చెప్పు."

"చిన్నమ్మ వద్దన్నది" అన్నాడు వాడు.

"నేను చెప్త" అని ఆమే బయటికి వచ్చింది. "పోయినేడు చిన్నమ్మకు రెండు మణికట్లు వాచినయ్ కాకా. ఈడ కూసుండబెట్టి నేనే వేడి గుడ్డతోని కాపిన. కాకకు చెప్పకు, పండుగ పూట పరేషాన్ అయితడు అన్నది."

ఆ రేకు నెత్తిన పెట్టుకొని ఇంటికి వచ్చాను. బర్రెలకు వేశాను. అవి కూడా వాసన చూసి మొహం తిప్పుకున్నాయి.

నీ చేతులు ఇప్పుడు ఎట్లా ఉన్నాయి? ఒక్క ముక్క రాయి. ఎక్కువ రాయొద్దు, చెయ్యి నొస్తుంది.

నీ సవారన్న


మానవపాడు,
డిసెంబరు 26.

నా దేవమ్మా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. వనపర్తిలో ఒక బస్సు, నాగర్‌కర్నూల్‌లో ఒక బస్సు మారి నేనే తెచ్చి నీ చేతికి ఇస్తాను. నోటితో చెప్పే మాటలు కావు ఇవి. చెప్పబోతే మళ్లీ గట్టిగా అరుస్తాను, నా సంగతి నీకు తెలుసు.

పోయిన ఏడు క్రిస్మస్ నాడు పాస్టరు అయ్యగారు నీ బిస్కెట్టు తిని, "దేవమ్మగారి చెయ్యి చలువ" అన్నారు. నేను లేచి, "ఆమె చెయ్యి ఏముంది అయ్యగారూ, రుచి నా బర్రెలది. ఈమె భట్టీ దాక మోసుకపోతది, మోసుకొస్తది, అంతే" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. కానీ ఇంటికి పోయేదాకా మాట్లాడలేదు. వాచిన చేతులు కొంగు కింద దాచుకొని నడిచావని ఇప్పుడు తెలిసింది. చేతుల సంగతి నాకు తెలియదు, నిజం. మనసు సంగతి మాత్రం తెలుసు. అప్పుడే తెలుసు. దారిలోనే తప్పైందని అనొచ్చు, అనలేదు. తెల్లారితే నువ్వే మరిచిపోతావనుకున్నాను.

ఎందుకన్నానో కూడా చెబుతాను. అయ్యగారు నీ పేరు తీసుకున్నారు, నా పేరు తీసుకోలేదు. అంతే. ముసలితనంలో నాకు పెళ్లాం మీద కుళ్లు పుట్టింది. రాయడానికే సిగ్గుగా ఉంది, నువ్వు చదవడానికి ఎట్లా ఉంటుందో.

మొన్న మళ్లీ చేశాను. అయిదు నీళ్లు మార్చి కడిగాను. చలిలో బండ ముందు కూర్చొని వెన్న పిండాను. ఇక అయిపోయింది అనుకున్నప్పుడల్లా ఇంకొంచెం నీళ్లు కారాయి. మరునాడు నా వేళ్లు ముడుచుకోలేదు. పాలు పితకలేక పక్కింటి ఈదమ్మను పిలిచాను. ఒక్కరోజుకే నాకు ఇట్లయింది.

ఈసారి బిస్కెట్లు నిలబడ్డాయి. అక్కడక్కడ పగిలాయి గానీ నిలబడ్డాయి. నిన్న చర్చిలో పంచి, అయ్యగారిని అడిగి లేచి నిలబడ్డాను. భాగ్యమ్మ వెనక నుంచి, "ఈసారి గూడ బర్రెల ముచ్చటేనా మామా?" అంది.

"కాదు. పోయినేడు నేను అబద్దం చెప్పిన. రుచి మా దేవమ్మ చేతులది. ఆ చేతులు వాచినా నేను చూడలే. గా మాట మీ అందరి ముందర అన్న గనక, గిది గూడ మీ ముందరనే చెప్తున్న" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండనిపించింది.

ఇంటికి రమ్మని అడగడానికి రావడం లేదు. ఈ ఉత్తరం, ఒక డబ్బా బిస్కెట్లు ఇచ్చి గడప బయట నిలబడతాను. చదివేటప్పుడు నా మొహం చూడకు. పొమ్మంటే నాలుగు గంటల బస్సుకు పోతాను. నేను ఏడ్చే మనిషిని కాను. అయినా చూడకు.

నీకు తప్పు చేసిన,
సవారన్న


అచ్చంపేట,
జనవరి 4.

మా అహ్మద్‌కు,

నీ కాక దీవెనలు. కోడలు మెహజబీన్‌కు కూడా. ఆరోజు ఆమె చెప్పకపోతే నేను ఇప్పటికీ నీ భట్టీనే తిడుతూ ఉండేవాణ్ణి.

మీ చిన్నమ్మ సంగతి రాయమన్నావు, రాస్తున్నాను. ఉత్తరం గడపలో నిలబడే చదివింది. మాలతి "నాయినా, లోపలికి రా" అని పిలిస్తే, "ఆగే, నన్ను చదవనియ్" అంది. రెండుసార్లు చదివింది. పక్కింటివాళ్లు గోడ మీద నుంచి చూశారు, చూడనిచ్చాను. తర్వాత డబ్బా తెరిచి ఒకటి కొరికింది.

"ఎన్ని నీళ్లు మార్చినవ్?"

"అయిదు."

"ఏడు మార్చాలె. చక్కెరల ఎన్నిసార్లు దొర్లించినవ్?"

"ఒక్కసారి."

"వేడి మీద ఒకసారి, సల్లారినంక ఒకసారి. ఇంత మాత్రం తెల్వదు గని, చర్చిల లేసి మాట్లాడ్తవ్."

నేను తల దించుకొని, "నాలుగు గంటలకు బస్సుందే" అన్నాను.

"ఉంటే ఉండనీ. గది రోజు ఉంటది" అని లోపలికి పోయి నాకు అన్నం పెట్టింది.

కానీ ఇంటికి మాత్రం రానంది. ఇక్కడి దవాఖానలో చేతులకు మందు ఇచ్చి, మూడు నెలలు పిండే పని, ఉతికే పని పెట్టుకోవద్దన్నారట. "ఇంటికొస్తే నన్ను కూసోనిస్తవా? బర్రెలు కూసోనిస్తయా?" అని అడిగింది. అందుకని నేనే ఉండిపోయాను. అల్లుడింట్లో రెండు పూటలు మించి ఉండని మనిషిని, ఇప్పుడు మనవరాలి గుడ్డలు ఆరేస్తున్నాను. అల్లుడు నవ్వుతాడు. నవ్వుకోనీ. ఉగాది దాకా బర్రెలు ఈదమ్మనే చూసుకోమను, పాలు కూడా ఆమెవే. కొత్త సంవత్సరానికి ఇక్కడ కూడా బిస్కెట్లు చేశాం. ఆమె మంచం మీద కూర్చొని తిట్టింది, నేను పిండాను. ఏడు నీళ్లు.

రోజూ పొద్దున చాయ్ తాగంగానే "చేతులెట్లున్నయే?" అని అడుగుతాను. "మళ్ల మొదలుపెట్టినవా?" అని విసుక్కుంటుంది. అయినా మందు నేనే రాస్తాను, గుడ్డ నేనే చుడతాను. ఇవాళ మనవరాలు ఏడిస్తే భుజాన వేసుకొని వాకిట్లో తిప్పుతూ అడగడం మరిచిపోయాను. లోపలికి వచ్చి చూస్తే మీ చిన్నమ్మ రెండు చేతులూ ఒళ్లో చాపుకొని, నా కోసం కూర్చొని ఉంది.

అచ్చంపేటలోనే ఉన్న,
మీ సవారన్న కాక