జేబులు తడుముకునేవాళ్ళు

జూన్ 3, మంగళవారం

ఫైర్ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్ళాడు. వెనక మెట్ల మీద సామానంతా వారంలో తీసేయాలని నోటీసు అంటించాడు. బిల్డింగంతా గగ్గోలు. ప్రెసిడెంటు గారి బీరువా, పై ఫ్లోర్ వాళ్ళ పాడైన వాషింగ్ మెషీన్, ఎవరివో సైకిళ్ళు, మా పాత సోఫా. మెట్ల మీద ఏమీ పెట్టకూడదని గోడ మీద ఎర్రక్షరాల బోర్డు ఉండనే ఉంది. ఆ బోర్డుకి ఆనించే బీరువా పెట్టారు. మొదట ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. వాళ్ళు పెట్టారని వీళ్ళు, వీళ్ళు పెట్టారని మేము.

ఎవరో ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చారట. ఆ ఎవరో ఎవరన్నదే ఇప్పుడు గొడవ. మా ఆయన అసోసియేషన్‌కి జాయింట్ సెక్రటరీ. సాయంత్రమంతా ఫోన్‌కి అతుక్కుపోయి ఉన్నాడు.

జూన్ 5, గురువారం

తేల్చేశారు. మా ఎదురు ఫ్లాట్ టైలరట. అద్దెకుంటుంది, ఒంటరి మనిషి. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జిప్పులు మారుస్తుంది, ప్యాంట్లు పొట్టి చేస్తుంది, పిల్లల గౌన్లు కుడుతుంది. బిల్డింగ్‌లో సగం మంది బట్టలు ఆమె చేతి మీదుగానే వెళ్తాయి. రుజువేమిటని అడిగాను. ఇన్‌స్పెక్టర్‌కి మంచినీళ్ళిచ్చిందట! మా ఆయన ఆ మాట చాలా సీరియస్‌గా చెప్పాడు. నవ్వాపుకున్నాను.

మెట్ల మీద సామాను పెట్టడం మాత్రం తప్పు కాదా అన్నాను. అది వేరు, ఇంటి గుట్టు బయటపెట్టడం వేరు అన్నాడు.

జూన్ 9, సోమవారం

లిఫ్ట్‌లో కొత్త పద్ధతి వచ్చింది. టైలర్ ఎక్కగానే ఒకరు జేబు తడుముకుంటారు. అయ్యో, ఫోన్ మర్చిపోయానంటూ దిగిపోతారు. ఆ వెంటనే ఇంకొకరికి తాళాలు గుర్తొస్తాయి. ఆమె ఒక్కతే కిందికి వెళ్తుంది. మర్చిపోయిన మహానుభావులు ఇంట్లోకి కూడా వెళ్ళరు, అక్కడే నిలబడి లిఫ్ట్ మళ్ళీ పైకి రావడం కోసం చూస్తుంటారు. దీని మీద ఎవరూ మీటింగ్ పెట్టలేదు, ఎవరూ ఎవరికీ నేర్పలేదు. అయినా అందరికీ వచ్చేసింది.

నేను మెట్లు ఎక్కి దిగుతున్నాను. ఖాళీ అయ్యాయి కదా. ఇదంతా ఆరోగ్యం కోసమేనని ఆయాసపడుతూ నాకు నేనే చెప్పుకుంటున్నాను.

జూన్ 12, గురువారం

ఈరోజు నేనూ దిగాను.

వాన, చేతినిండా సామాను, పాప మెట్లు ఎక్కనని మొండికేసింది. లిఫ్ట్ ఎక్కాం. లోపల ప్రెసిడెంటు గారు. వెనకాలే టైలర్ వచ్చింది. ఆయన జేబు తడుముకుని దిగి, బయట నిలబడి నా వైపు చూశారు. నా చెయ్యి దానంతటదే బ్యాగ్ మీదికి వెళ్ళింది. ఏం మర్చిపోయావమ్మా అని పాప ఒకటే అడగడం. గొడుగన్నాను. గొడుగు దాని చేతిలోనే ఉంది.

జూన్ 14, శనివారం

అత్తయ్య స్నానానికి వెళ్ళింది. ఆవిడ ఫోన్ మోగుతుంటే నేను తీశాను. ఫైర్ ఆఫీసు. మీరిచ్చిన కంప్లయింట్‌లో సామాను తీసేశారామ్మా, కేసు మూసేయమంటారా అని అడిగాడు. తీసేశారు, మూసేయండి అన్నాను.

అత్తయ్య తల తుడుచుకుంటూ వచ్చింది. అడిగితే దాచలేదు కూడా. ఆమధ్య కరెంటు పోయి లిఫ్ట్ ఆగినప్పుడు వెనక మెట్ల మీదుగా దిగబోతే, చేతికర్ర సోఫా కాళ్ళ మధ్య ఇరుక్కుందట. మన సోఫానే. ముందుకీ వెనక్కీ కదల్లేక, కరెంటొచ్చేదాకా ఆ సోఫా మీదే కూర్చుని కేకలేసిందట. ఎవరూ వినలేదట. కొడుక్కి రెండుసార్లు చెప్పి చూసింది. అందరూ పెట్టుకున్నారు కదమ్మా, మనమొక్కళ్ళమే తీస్తే ఏం బాగుంటుంది అన్నాడట. దాంతో బోర్డు కింద ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. చెయ్యమనే కదా నంబరు రాసింది అంటుంది.

నిందంతా ఎదురింటి పిల్ల మీద పడిందని ఆవిడకి తెలియదు. ఎప్పుడో గానీ గడప దాటదు. నేను చెప్పేసరికి మొహం నల్లబడింది. ఇప్పుడే వెళ్ళి ప్రెసిడెంటుకి చెప్తానని కర్ర అందుకుంది. నేనే ఆపాను. కాళ్ళావేళ్ళా పడ్డాను. పాప రోజూ ఆడుకునేది ప్రెసిడెంటు గారి మనవరాలితోనే అన్నాను. మీ అబ్బాయి తలెత్తుకోలేడన్నాను. ఏవేవో అన్నాను. అసలు భయం నాది. లిఫ్ట్‌లో అందరూ దిగిపోయాక ఒక్కదాన్నే మిగిలిపోతానని.

అత్తయ్య కర్ర గోడకి ఆనించి, మంచమెక్కి అటు తిరిగి పడుకుంది.

జూన్ 16, సోమవారం

నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో ఒకాయనకి కుడి కంటి పవర్ ఎడమ అద్దానికి రాసేశాను. ఓనరు చూశాడు కాబట్టి సరిపోయింది. ఇంట్లో బాలేదా అని అడిగాడు. బాగానే ఉందన్నాను.

జూన్ 18, బుధవారం

ఆదివారం మీటింగట. టైలర్‌ని ఖాళీ చేయించాలని తీర్మానం. ఆమె ఫ్లాట్ ఓనరుతో ప్రెసిడెంటు గారు ముందే మాట్లాడేశారు. తీర్మానం అందితే చాలు, నెలాఖరుకి పంపించేస్తానన్నాడట. దాన్ని చదివే భాగ్యం మా ఆయనది.

ఆయనకీ ఇష్టం లేదు. ఆ సంగతి నాకు చెప్పాడు, వాళ్ళకి చెప్పలేదు. అందరూ సరేనన్నాక నేనొక్కణ్ణే కాదంటే ఎలా అన్నాడు. మిగతా ఇళ్ళలో కూడా ఇదే మాట నడుస్తోందేమో. మీ అమ్మేనండీ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

జూన్ 20, శుక్రవారం

పాపతో లిఫ్ట్‌లో ఉన్నాను. కారిడార్‌లోంచి టైలర్ బట్టల సంచితో వస్తోంది. ఈసారి దిగకూడదని గట్టిగా అనుకుంటున్నాను, నిజంగా అనుకుంటున్నాను. ఈలోపు పాప గౌను రెండు పక్కలా తడుముకుని, అయ్యో మర్చిపోయానంటూ దిగిపోయింది. అచ్చం నాలాగే.

ఆ గౌనుకి జేబుల్లేవు. కుట్టింది ఆమే.

జూన్ 22, ఆదివారం, మధ్యాహ్నం

కింద పార్కింగ్‌లో కుర్చీలు వేశారు. మా ఆయన తలెత్తకుండా తీర్మానం చదివాడు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. అన్నీ ఒక్కసారి లేవలేదు. పక్కవాళ్ళని చూసి ఒకటి, దాన్ని చూసి ఇంకొకటి. టైలర్ స్తంభం దగ్గర నిలబడి ఎవరెవరు ఎత్తుతున్నారో చూస్తోంది. నేనూ ఎత్తాను. ప్రెసిడెంటు గారు మెచ్చుకోలుగా తలాడించారు.

ఫోన్ వెళ్ళింది మా ఇంటి నుంచి అన్నాను.

ఎవరు చేశారని అడిగారు. నేనేనన్నాను. ముందున్న కుర్చీ పట్టుకున్నాను. మరి అక్కడ మీ సోఫా కూడా ఉంది కదా అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఉందన్నాను. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. కొందరు ఆ చేత్తోనే తల గోక్కున్నారు. మా ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

టైలర్ థాంక్స్ చెప్పలేదు. నన్ను దాటి వెళ్తూ, ఆ రోజు మర్చిపోయిన గొడుగు దొరికిందా అని అడిగింది.

జూన్ 23, సోమవారం

అత్తయ్య అలిగింది. కంప్లయింట్ ఇచ్చింది తనైతే మధ్యలో నేనెవరినట. పొద్దున్నే కర్ర పుచ్చుకుని, వెనక మెట్ల మీదుగా ఒక ఫ్లోర్ దిగి, ప్రెసిడెంటు గారి తలుపు కొట్టి తనేనని చెప్పి వచ్చింది. మెట్లు శుభ్రంగా ఉన్నాయంది.

మా ఆయన నిన్నటి నుంచి నాతో నోరు విప్పలేదు. ఇప్పుడు ఆవిడతో కూడా మాటల్లేవు. పాపని ఆటకి ఎవరూ పిలవలేదు. గుమ్మంలో కూర్చుని చూసి చూసి లోపలికొచ్చింది. నేనే ఏదో తప్పు చేశానా అని అడిగింది. దగ్గరికి తీసుకున్నాను.

జూన్ 24, మంగళవారం

పొద్దున లిఫ్ట్‌లో అందరికీ ఒకేసారి ఏవేవో గుర్తొచ్చాయి. పాపా నేనూ మిగిలాం.

సాయంత్రం కింద లిఫ్ట్ ఎక్కాం. అత్తయ్య, పాప, నేను. తర్వాత టైలర్. తలుపు మూసుకోబోతుంటే మా ఆయన వచ్చాడు, పక్కన ప్రెసిడెంటు గారు. ఆయన జేబు తడుముకుని ఆగిపోయారు. మా ఆయన చెయ్యి కూడా జేబులోకి వెళ్ళింది.

రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. లోపలికొచ్చి, కర్రకి కాలు తగలకుండా ఓ పక్కకి ఒదిగి, నాలుగో ఫ్లోర్ నొక్కమన్నాడు. పాప నొక్కింది.