నిమ్నచాప్ అనే మాట

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. నీవు తుఫానులో పోయి నేటికి ఆరేళ్లు. రేపు నీ కూతురు రూతు చంటిబిడ్డతో మన సముద్రపు ఊరికి బయలుదేరవలసి ఉంది. ఈ ఉదయం బెంగాలీ రేడియో మళ్లీ "నిమ్నచాప్" అన్నది.

వాయుగుండానికి వారి మాట అది. ఈ బెంగాల్ ఊళ్లో, న్యూ సెటిల్‌మెంట్‌లోని మన రైల్వే క్వార్టర్‌లో మాత్రం అది చాపలా వినిపించేది. "మళ్లీ సాప పరిసినాడర్రా, రండి కూకుందాం" అని నవ్వించేవాడివి. నీ చివరి ప్రయాణం నాడూ అలాగే అన్నావు. రాత్రి కాలేజీలో చదివి పట్టా పొందినవాడినన్న ధీమాతో, పత్రికలవారు గాలిని తుఫానుగా చేసి అమ్ముకుంటారని నేను వివరించాను. నా మాట నమ్మి నీవు రైలెక్కావు.

"మీ సిన్నాన్న బీయే కదే, ఆయన్నే అడుగు" అంది వదిన ఇందాక.

"ఏటి సిన్నాన్నా, ఎళ్లమంటావా? పేపరోళ్లు ఊరికే బెదిరిస్తారని నువ్వే అంటావు గదా!" అంది రూతు.

చాలాసార్లు వారు పెంచే రాస్తారు. ఆ అభిప్రాయం నేటికీ మార్చుకోలేదు. అయితే ఏసారి పెంచలేదో ముందుగా చెప్పగల చదువు నాకు లేదు. బయట ఎండ కాస్తూనే ఉంది.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

ఇన్నేళ్లలో నా నోట ఆ మాట వినని వదిన నా వైపు ఒక్క క్షణం చూసింది. తరువాత రూతు పెట్టె తెరిచి, బిడ్డ బట్టలు ఒక్కొక్కటిగా బయటకు తీయసాగింది.

నీ తమ్ముడు