పదకొండు ఫోన్లలో నా గొంతు

జూన్ 3
సాంబయ్య మామ ఫోన్ పట్టుకొచ్చాడు. కూతురికి కుక్కర్ తెప్పించాలట. డబ్బు కట్టే ముందు షాపింగ్ యాప్ అడుగుతుంది — మీ గొంతుతో చెప్పండి. చెప్పాల్సింది నేను. ‘నా గొంతే నా సంతకం.’ ఎప్పుడూ ఉండేదే.
ఈరోజు ఒప్పుకోలేదు. ‘గొంతు సరిపోలలేదు’ అని ఎర్ర అక్షరాలు. మూడుసార్లు. రేపటిదాకా తాళం.
“ఏందిరా అల్లుడూ, నీ గొంతు నువ్వే మర్చిపోయావా?” — మామ నవ్వు. నేనూ నవ్వాను.
రెండు నెలల నుంచీ బొంగురు. ఎండల్లో ప్రచారం చెబుతూ నూజెండ్ల దాకా ఆటోలో మైకు పట్టుకుని తిరిగితే గొంతు పోక ఏమవుతుంది. మిరియాల పాలు తాగుతున్నాను.

జూన్ 4
కోటమ్మత్త ఫోన్ కూడా కాదంది. మా ఆవిడ మార్త ఫోన్ కూడా — మా ఇంట్లో ఉన్నది అదొక్కటే.
ఇదంతా నా నిర్వాకమే. పోయినేడాది ఆ యాప్‌లో గొంతు తాళం వచ్చినప్పుడు సందులో ఎవరికీ ఫోన్‌తో మాట్లాడటానికి నోరు పెగల్లేదు. సిగ్గు. “నువ్వు చెప్పు నాయనా, నీదైతే తేటగా ఉంటది” — కోటమ్మత్త మొదలుపెట్టింది. చర్చి వెనక గదిలో ఫ్యాను ఆపి, చెమటలు కక్కుకుంటూ, ఒక్క మధ్యాహ్నంలో పదకొండు ఫోన్లకూ నా గొంతే ఎక్కించాను. అప్పటినుంచీ ఎవరు ఏం కొనాలన్నా నా ఇంటి ముందుకే.
ఎంత పొగరు నాకు ఆరోజు! మార్త, నా గొంతు నేను పెట్టుకుంటానంది. ‘నీదీ ఒక గొంతేనా’ అన్నాను. అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

జూన్ 9
గుంటూరు. ముక్కులోంచి గొట్టం పెట్టి చూశారు. డాక్టరు గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. “సిగరెట్టు?” — మానేసి ఏడేళ్లు. రాసుకున్నాడు.

జూన్ 12
స్వరపేటిక మొత్తం తీసేయాలి. తీస్తే బతుకుతాను. మాట ఉండదు.
“అసలుకే మాట్టాడలేడా అయ్యా?” అని మార్త. రెండుసార్లు అడిగింది. డాక్టరు రెండుసార్లూ తల అడ్డంగానే ఊపాడు.
బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నరసరావుపేట దాకా ఒకటే ఆలోచన — ఆ ఫోన్‌కి ముందే తెలిసింది. తొమ్మిది రోజుల ముందే ఇది నువ్వు కాదు పొమ్మంది.

జూన్ 14
బట్టల కొట్టు ఆయన ఆషాఢం సేల్ ప్రచారానికి ఆటో ఒక్కటే పంపమన్నాడు. రికార్డు చేసిన గొంతు ఉందట. “నువ్వు కూర్చుని రెస్టు తీసుకోవయ్యా దానం.”
రెస్టు.

జూన్ 17
రేపు ఆసుపత్రిలో చేరాలి. మధ్యాహ్నం మార్త తలుపు దగ్గరగా వేసి ఎదురుగా కూర్చుంది. “ఏదన్నా చెప్పయ్యా.”
కొండ తిరనాళ్లలో తప్పిపోయిన పిల్లల పేర్లు రాత్రి తెల్లవార్లూ చెప్పినవాణ్ణి. చావులు చెప్పాను, పోలియో చుక్కలు చెప్పాను, కరెంటు కోతలు చెప్పాను. ఎవరి మాటో ఒకటి ఎప్పుడూ నోట్లో ఉండేది. ఇరవై ఆరేళ్లు కాపురం చేసినదానికి చెప్పడానికి నాదంటూ ఒక్క మాట దొరకలేదు.
‘గ్యాస్ బుక్ చేశావా?’ అన్నాను.
“చేశా” అంది. లేచి వెళ్లింది. పిలవాల్సింది. పిలవలేదు.

జూలై 2
ఇంటికొచ్చాను. మెడ కింద చిల్లు. ఊపిరి అందులోంచే. దగ్గితే అక్కడినుంచే వస్తుంది, గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. అద్దం చూడటం లేదు.
మార్త ఒక పలకా, పెన్సిలూ, ఈ డైరీ మంచం పక్కన పెట్టింది. ఇక నోరు ఇదే.

జూలై 5
సాంబయ్య మామ వచ్చి చాలాసేపు వాన గురించి మాట్లాడాడు. ఫోన్ జేబులోంచి తీస్తాడు, పెడతాడు. నాకు అర్థమైంది. చెయ్యి చాచాను.
కొత్త గొంతు ఎక్కించాలంటే పాతది తీసేయాలి. అది ఎక్కడుందో మామకు తెలియదు. నేనే వెతికాను. ‘ఈ గొంతును తొలగించాలా?’ అని అడిగింది. అవును — నొక్కాను.
మామ క్వారీలో అరిచి అరిచి మోటుబడ్డ గొంతుతో మూడుసార్లు చెప్పాడు. ‘నా గొంతే నా సంతకం.’ తీసుకుంది. నా భుజం మీద చెయ్యేసి పోయాడు.

జూలై 6
నాలుగు ఫోన్లు. అన్నీ నేనే నొక్కాను. కోటమ్మత్తకు మూడోసారి చెప్పేటప్పుడు నవ్వొచ్చింది, యాప్ మళ్లీ మొదటినుంచీ చెప్పమంది. నా మొహం చూసి ఆమె నవ్వు ఆపేసింది. ఆపకుండా ఉంటే బాగుండేది.

జూలై 9
ఇంకో అయిదు. మొత్తం పది.
నా చావు నేనే ఇంటింటికీ చెప్పుకున్నట్టుంది.

జూలై 11
మెడకు ఆనించుకుంటే మాట వచ్చే మిషన్ ఒకటి ఉందట. ఆసుపత్రి నర్సు చెప్పింది. ఇక్కడ షాపుల్లో దొరకదు, ఆన్‌లైన్‌లోనే. మార్త తన ఫోన్‌లో తనే వెతికింది, తనే బుట్టలో వేసింది. మీ గొంతుతో చెప్పండి అని వచ్చింది.
అలవాటు కొద్దీ ఫోన్ నా నోటి దగ్గర పెట్టింది.
అలవాటు కొద్దీ నేనూ నోరు తెరిచాను.
చిల్లులోంచి గాలి వచ్చింది. అంతే. మార్త ఫోన్ వెనక్కి తీసుకుని కొంగుతో తుడిచింది. దాని మీద ఏమీ పడలేదు. అయినా తుడుస్తూనే ఉంది.

జూలై 12
మార్త చర్చికి వెళ్లినప్పుడు ప్రచారం పెన్‌డ్రైవ్‌లన్నీ వెతికాను. ఎందులోనూ ఆ మాటలు వరసగా లేవు. ‘నా’ ఒకచోట, ‘గొంతు’ ఒకచోట, ‘సంతకం’ బ్యాంకు మేళా ప్రకటనలో. ఆగి ఆగి, మార్త వదిలి వెళ్లిన ఫోన్‌కు వినిపించాను. ‘రికార్డు చేసిన గొంతు చెల్లదు’ అంది ఫోన్. ఊరంతా చెల్లుతోంది. దీనికి మాత్రం బతికున్న మనిషి కావాలి.
పెన్‌డ్రైవ్‌లో నా గొంతు ఎంత బాగుందో! వినకుండా ఉండాల్సింది.

జూలై 13
మామ తన ఫోన్‌లో తెప్పిస్తానన్నాడు. మార్త ఒప్పుకోలేదు. “మా ఆయన మాట మా ఇంట్లోంచే రావాల.”
అయితే నాది తీసేసి నీ గొంతు పెట్టుకో — పలక మీద రాసిచ్చాను. చదివి పలక బోర్లించింది.
“నేను తియ్యను. పది పోయినయ్. ఇదొక్కటే ఉంది.”
పెన్‌డ్రైవ్‌ల నిండా ఉందిగా అని రాశాను.
“అయ్యి ఎవురు నొక్కినా పలుకుతయ్. ఇది నీకోసం కనిపెట్టుకొనుంది.”
నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే కూడా చప్పుడు లేదు. మార్త అటు తిరిగి ఉంది, తెలియలేదు.

జూలై 14
దగ్గు. జ్వరం. ఏమీ రాయాలని లేదు.

జూలై 15
పొద్దున వంటింట్లోంచి మాటలు. ఎవరొచ్చారా అని వెళ్లాను. ఎవరూ లేరు. మార్త పప్పు ఎసట్లో పోస్తూ, గోడకేసి చెబుతోంది. ‘నా గొంతే నా సంతకం.’ ఒకసారి మెల్లగా. ఒకసారి కొంచెం గట్టిగా. సన్నటి గొంతు, చివర్లో చిన్న జీర. ఇన్నేళ్లలో ఆ జీర నేనెప్పుడూ వినలేదు. వినడానికి నేనెప్పుడు ఊరుకున్నాను కనక.
నన్ను చూసి ఆపేసింది. స్టవ్ కట్టేసింది. ఫోన్ తీసుకుని గడప మీద కూర్చుంది. పక్కన కూర్చున్నాను.
‘ఈ గొంతును తొలగించాలా?’
“నువ్వు నొక్కుతావా, నన్ను నొక్కమంటావా?”
పది నొక్కిన వేలు. పదకొండోదానికి కదలడం లేదు. మార్తా కదల్లేదు.
ఫోన్ వెలుగు ఆరిపోయింది. మార్త మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరిపోయింది. ఇప్పటికి ఎన్నిసార్లో. ఇది రాస్తుంటే పక్కనే ఇంకా వెలిగిస్తూనే ఉంది...